బస్రా చౌడునేలలు

హిజ్రీ 255వ సంవత్సరంలో (క్రీ.శ. 869) బస్రా పరిసరాలలో చెలరేగిన జంజ్ తిరుగుబాటు అబ్బాసీ ఖిలాఫతును 14 సంవత్సరాలు వణికించినది. 871లో బస్రా నగరం కొల్లగొట్టబడినది. చివరకు 883లో ఖలీఫా సోదరుడు అల్ మువఫ్ఫఖ్ దానిని అణచగలిగాడు. చరిత్రకారులు తిరుగుబాటు నాయకుడు అలీ బిన్ ముహమ్మద్ వంశమేది, విశ్వాసమేది అని చాలా దూరం చర్చించారు. ఆ బానిసలు చేస్తుండిన పని ఏమిటన్న ప్రశ్నకు మాత్రం అంత చోటు యివ్వలేదు.

వారి పని ఉప్పు గోకడం. తూర్పు ఆఫ్రికా నుండి తేబడిన వారు వీరిలో హెచ్చు. నేలపై పేరుకున్న చౌడు పొరను పారలతో తీసి గుట్టలుగా పోసేవారు. వందల మంది, ఒక్కొక్కచోట వేల మంది గుంపులుగా పనిచేసేవారనీ, వారి ఆహారం పిండి, ఖర్జూరాలేననీ ఆ కాలపువాడే అయిన తబరీ వ్రాశాడు.

యజమానులకు యింత ఆశ ఎందుకు? బీడుభూమిని సాగులోకి తెచ్చినవాడే దానికి హక్కుదారు అన్నది ఫిఖ్హ్‌లో ప్రసిద్ధమైన నియమం. దానికి పాలకుని అనుమతి అవసరమని ఇమాం అబూ హనీఫా అన్నారు. శిష్యుడు అబూ యూసుఫ్ అవసరం లేదన్నారు. శ్రమించినవానికి మేలు చేయవలసిన ఈ నియమం, శ్రమ ఒకరిది, హక్కు మరొకరిది అయినచోట ఏమైనదో బస్రా చెబుతున్నది.

ఇంతకూ ఆ శ్రమ ఫలించేదేనా? నేటి మృత్తికా శాస్త్రం చెప్పే జవాబు నిరాశాజనకమైనది. టైగ్రిస్, యూఫ్రటీస్ నీటిలో కొద్దిపాటి లవణాలు వుంటాయి. పొలానికి పెట్టిన నీరు ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నీరు పోయే దారిలేని పల్లపు నేలలో భూగర్భజలం పైకి వస్తుంది. దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు ఆ ఉప్పునీరు మట్టి సందులలో ఎక్కి, పైన ఆరి, తిరిగి పొర కడుతుంది. పొర గోకినంత మాత్రాన అడుగునున్న ఉప్పు తరగదు. మురుగు కాలువలు త్రవ్వి, మంచినీటితో ఉప్పును కడిగి పంపివేయడమే దారి.

ఈ వ్యాధి ఇస్లాంకు పూర్వపుదే. జాకబ్‌సెన్, ఆడమ్స్ అనే పండితులు 1958లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, దక్షిణ ఇరాకులో క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ యించుమించు సమానంగా పండేవి; క్రీ.పూ. 1700 నాటికి ఉప్పుకు తట్టుకునే బార్లీయే మిగిలినది. వారి అంకెలపై తరువాతివారు అభ్యంతరాలు తెలిపారు గాని, చౌడు సంగతి కాదనలేదు.

మట్టిని పరీక్షించే తెలివి మన పూర్వులకు లేకపోలేదు. 12వ శతాబ్దంలో సెవిల్లెకు చెందిన ఇబ్నుల్ అవ్వాం తన ‘కితాబుల్ ఫిలాహా’లో, మట్టిని మంచినీటిలో నానబెట్టి ఆ నీటిని రుచి చూడమన్నాడు. నేటి ప్రయోగశాలలో మట్టినుండి తీసిన నీటి విద్యుత్ వాహకతను కొలుస్తారు. అది మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే చౌడునేల అంటారు. నాలుక స్థానంలో యంత్రం వచ్చినది, అంతే.

ఇరాకు రెండు నదుల నడుమ 565 కిలోమీటర్ల మురుగు కాలువను 1992లో పూర్తిచేసినది. దానికి ‘మూడవ నది’ అని పేరు. అదే ప్రభుత్వం ఆ సంవత్సరాలలోనే దక్షిణపు చిత్తడినేలలను ఎండగట్టినది కూడా. అది వేరే కథ. ఈ కాలువ మోసేది పొలాలనుండి కడిగిన ఉప్పునీటినే. అది బస్రా ప్రాంతం గుండానే సముద్రానికి పోతుంది.