యాంటీబయాటిక్ దద్దుర్లు: మూలాల కోసం వెతుకులాట

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. అంత చిన్నదానిపై రోగనిరోధక వ్యవస్థ నేరుగా తిరగబడటం అరుదు. అయినా 1940లలో ఆ మందు విస్తారంగా వాడకంలోకి రాగానే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఎందుకన్నదానికి ఆధారం అప్పటికే ఉంది. చిన్న రసాయనాలు శరీరంలోని ప్రోటీన్లకు అతుక్కుని అలర్జీ పుట్టిస్తాయన్న భావనకు 1935లో కార్ల్ లాండ్‌స్టైనర్, జాన్ జేకబ్స్ గినీ పందులపై చేసిన ప్రయోగాలు బలమిచ్చాయి.

1960 ప్రాంతంలో అమెరికాలో బెర్నార్డ్ లెవిన్ వంటివారు పెన్సిలిన్‌లో ఆ అతుకు ఎక్కడ పడుతుందో చూపారు. నాలుగు పరమాణువుల బీటా లాక్టమ్ వలయం బిగుసుకుని ఉంటుంది. అది తెరుచుకుని ప్రోటీన్‌లోని లైసిన్‌ను పట్టుకుంటుంది. బాక్టీరియాను చంపేదీ ఆ వలయమే, అలర్జీ తెచ్చేదీ ఆ వలయమే! చర్మ పరీక్షకు ఈ పరిశోధనే ఊతం. ముంజేతి మీద మందు చుక్క వేసి సూదితో గుచ్చితే, పడనివారికి 15–20 నిమిషాల్లో అక్కడ దోమకాటులా ఉబ్బి చుట్టూ ఎర్రబారుతుంది. ఆ ఉబ్బుకు కారణమైన ఐజీఈ ప్రతిరక్షకాన్ని 1960లలోనే అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా కనుగొన్నారు.

అక్కడితో చిక్కు తీరలేదు. ఎక్కువ దద్దుర్లు మందు మొదలెట్టిన కొన్ని రోజులకు గానీ రావు. వాటికి ఐజీఈతో సంబంధం లేదు. గ్రంథి జ్వరం అనే వైరస్ వ్యాధి ఉన్నవారికి యాంపిసిలిన్ ఇస్తే చాలామందికి ఒళ్ళు ఎర్రబడుతోందని 1967లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వైరస్ రెచ్చగొట్టిన వేళ వచ్చే ఆ దద్దుర్లను జీవితకాలపు అలర్జీగా లెక్కగట్టలేం. ఆలస్యంగా వచ్చే దద్దుర్లలో రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల పాత్రను తర్వాతి దశాబ్దాల్లో స్విట్జర్లాండ్‌లో వెర్నర్ పిష్లర్ బృందం విడదీసి చూపింది. కుష్ఠు చికిత్సలో వాడే డాప్సోన్ వికటించడానికీ హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 జన్యురూపానికీ ఉన్న లంకె 2013లో చైనా రోగుల్లో బయటపడింది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ప్రతిరక్షకాల ప్రమేయమే లేకుండా, అలర్జీ రసాయనాలను విడుదల చేసే మాస్ట్ కణాలను నేరుగా తట్టిలేపగలవని 2015లో తేలింది.

ఇన్ని దారులు తెలిశాక కూడా కేస్ షీట్‌లో ఒకటే ముక్క: ‘పెన్సిలిన్ పడదు’. నాకిది బాధాకరంగా అనిపిస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అలాంటివారిని పరీక్షిస్తే నూటికి 90 మందికి పైగా ఆ మందు పడుతోంది. ఏ మందు, ఎన్ని గంటలకు లేదా ఎన్ని రోజులకు, ఎలాంటి దద్దుర్లు అన్నవి రాసి ఉంటే వాళ్ళకు మంచి మందు దూరమయ్యేది కాదు. నోరు పుండ్లు పడి, బొబ్బలెక్కి చర్మం ఊడినవారి సంగతి వేరు. వారికి ఆ మందు మళ్ళీ ఇవ్వకూడదు.