రోటి దగ్గర ప్రార్థన: జొన్నాడ క్రైస్తవ గృహవైద్యంపై ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవంలో వైద్యం అనగానే మన చరిత్రకారులు ఆస్పత్రి గేటు దగ్గరే ఆగిపోతారు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్, రాజమండ్రి లూథరన్ ఆస్పత్రి, రామచంద్రపురం కుష్ఠు ఆశ్రమం - ఈ వరుస అందరికీ కంఠతా వచ్చు. ఆ ఆస్పత్రికి వెళ్లకముందు విశ్వాసి ఇంట్లో ఏ మందు తాగాడు, దాన్ని ఎవరు నూరారు, నూరేటప్పుడు ఏమని ప్రార్థించారు అని అడిగినవారు మాత్రం నాకు కనబడలేదు. గౌతమి ఒడ్డున జొన్నాడలోను, చుట్టుపక్కల పేటల్లోను తిరిగినప్పుడు నాకు తట్టిన సంగతి ఇది: ఇక్కడి క్రైస్తవ స్త్రీలకు కషాయం కాచడం విశ్వాసం పక్కన జరిగే పని కాదు, ఆరాధనలోనే ఒక భాగం. ఈ వ్యాస ప్రతిపాదన అదే.

పూర్వ పరిశోధన

ఈ ప్రతిపాదనకు అడ్డు నిలిచేది పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవులపై 1968లో ప్రచురించిన గ్రంథం. శ్రమపడి చేసిన పని, అందులో సందేహం లేదు. చిక్కంతా దాని చట్రంలో ఉంది. పల్లె విశ్వాసి జీవితాన్ని అది ఒక పక్క క్రైస్తవం, మరో పక్క హిందూ సంస్కృతి అని రెండు గదులుగా చూపిస్తుంది. చర్చి నేర్పనిదల్లా రెండో గదిలోకే పోతుంది. ఈ లెక్కన బాలింతకు పెట్టే కాయం, చంటిబిడ్డకు అరగదీసే వస, ఒళ్లు నొప్పులకు కాచే వావిలాకు నీళ్లు అన్నీ వదలని పాత వాసనలే కావాలి. శొంఠికీ మిరియాలకూ మతం అంటగట్టే ఈ పద్ధతి తరువాతి పరిశోధకులలో కొందరికి కూడా అలవాటైపోయింది. రెండు గదుల మధ్య వంటిల్లు ఒకటుందని వారు గమనించలేదు.

మరచిన పూర్వరంగం

మిషన్లకూ మూలికలకూ మొదటి నుంచీ వైరముందన్న అభిప్రాయం కూడా సరికాదు. 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడిగా వచ్చిన యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు. ఈ తీరపు మొక్కలను సేకరిస్తూ తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గ్ ఆయన చివరి రోజుల్లో దగ్గరున్నాడు. మన పెరటి కరివేపాకు శాస్త్రీయ నామంలో నేటికీ కోనిగ్ పేరుంది. అంటే ఈ తీరంలో మిషను వైద్యుడు ముందు ఆకు దగ్గర విద్యార్థిగా నిలబడ్డాడు. ఆ తరువాత నూరేళ్లకు గానీ ఆస్పత్రి అతణ్ణి గురువును చేయలేదు.

ఇక జొన్నాడ పరిసరాల సంఘాల సంగతి. 1836లో బ్రదరన్ మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయలుదేరిన విలియం బోడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో బ్రదరన్ సంఘాలకు పునాది వేశారు. ధవళేశ్వరం ఆనకట్ట పనులు సాగుతున్న కాలంలో అక్కడి కూలీల మధ్య బోడెన్ సువార్త చెప్పాడు. జొన్నాడ ఆ ఆనకట్టకు కాస్త దిగువనే ఉంది. ఈ సంఘాలలో అభిషిక్త గురువు ఉండడు. కూడికలో స్త్రీ నోరు విప్పదు, ముసుగు వేసుకుంటుంది. మన వాదానికి ఈ రెండూ కీలకం.

రోటి దగ్గర

జొన్నాడలో నేను ఎక్కువసేపు గమనించిన పెద్దావిడ ఈ బ్రదరన్ సంప్రదాయంలోదే. దగ్గుకు కషాయం పెట్టే తీరు ఇది. అడ్డసరం ఆకులు కడిగి, ఈనెలు తీసి, శొంఠి, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా సన్నసెగ మీద మరిగిస్తుంది. చివర్లో చిన్న బెల్లంముక్క వేస్తుంది. ఇంతవరకూ ఏ ఇంట్లోనైనా ఇంతే. దించే ముందు మాత్రం చీరచెంగు తలమీదికి లాక్కుని, పొయ్యి దగ్గరే నిలబడి, రోగి పేరు చెప్పి పైకే ప్రార్థిస్తుంది. ఆమేన్ అన్నాకే వడకడుతుంది. కూడికలో తలకప్పి మౌనంగా కూర్చునే స్త్రీ, అదే చెంగు కప్పి వంటింట్లో గొంతెత్తుతుంది. సంఘం ఇవ్వని మాటను, ఏ అభిషిక్త గురువు అనుమతీ అక్కర్లేకుండా, ఆమె రోటి దగ్గర దక్కించుకుంది.

ఇది మందా, ప్రార్థనా అని అడిగితే ఆమె హిజ్కియా రాజు సంగతి ఎత్తింది. "బాగవుతావని దేవుడు చెప్పాక కూడా యెషయా అంజూరపు ముద్ద కట్టమన్నాడు గదండీ. ఆకు ఆయన పుట్టించిందే. మనం నూరతాం, అంతేనండి." యెషయా 38వ అధ్యాయానికి ఇంత సూటి వ్యాఖ్యానం నేను వేదాంత కళాశాలల్లో వినలేదు. నేలవేము చేదుకు మొహం చిట్లించే పిల్లలకు చేదు పోయి తియ్యనైన మారా నీళ్ల కథ చెబుతుంది. రోగికి రాయమని యాకోబు పత్రిక చెప్పిన నూనె ఆమె చేతిలో కోనసీమ కొబ్బరినూనె.

వారాల పట్టింపు మరీ గట్టి సాక్ష్యం. నాటువైద్యంలో ఆదివారం, అందునా పుష్యమి కలిసిన ఆదివారం, మూలిక తేవడానికి శ్రేష్ఠం. ఈవిడ ఆదివారం ఆకు కోయదు, రోలు ముట్టదు. కావలసింది శనివారం సాయంత్రానికే నూరి పెట్టుకుంటుంది. మూలిక అదే, మోతాదు అదే, తిథివారాలు తిరగబడ్డాయి. తాయెత్తు లేదు, దిష్టి తీయడం లేదు, మంత్రం స్థానంలో ప్రార్థన వచ్చింది. పాత ఆచారం మిగిలిపోవడం కాదిది, ఎంచి ఎంచి ఏరుకోవడం. లూక్, కార్మన్‌ల రెండు గదుల చట్రం ఇక్కడ పనికిరాదు.

మందుకు ఆమె పైసా తీసుకోదు. ఉచితంగా పొందారు గనుక ఉచితంగా ఇవ్వాలన్న మత్తయి పదో అధ్యాయపు ఆజ్ఞ దీనికి మూలం. క్రైస్తవేతర నాటువైద్యులలోనూ డబ్బు ముట్టనివారున్న మాట నిజమే, కానీ ఈవిడ ఆ పని చేసేది వాక్యం పేరిటే.

ఉపసంహారం

గోదావరి డెల్టాలో క్రైస్తవం నిలదొక్కుకోవడంలో ప్రసంగ వేదికలతో, ఆస్పత్రి వార్డులతో పాటు ఇటువంటి వంటిళ్లకూ పాలుందనాలి. బోధకుల పేర్లు సంఘ చరిత్రలకెక్కాయి. నూరిన చేతుల పేర్లు ఎక్కలేదు. కామెర్లకు నేల ఉసిరి ఎంతవరకు పనిచేస్తుందో వైద్యులు తేల్చుకుంటారు, ముదిరిన జబ్బుకు ఆస్పత్రికి పొమ్మని ఈ ఆడవాళ్లే చెబుతారు. మన బాధ్యత వేరు. తెలుగు క్రైస్తవంపై పనిచేసే విశ్వవిద్యాలయ శాఖలు, వేదాంత కళాశాలలు మిషన్ నివేదికలను కొంతకాలం పక్కనబెట్టి, ఈ పెద్దావిడల మందులనూ వాటితోపాటు చేసే ప్రార్థనలనూ కలిపి నమోదు చేయాలి. విడివిడిగా నమోదు చేస్తే మళ్లీ ఆ రెండు గదులే మిగులుతాయి.