దేవగన్నేరు పుట్టిల్లు

రెండేళ్ళ క్రితం మాఘమాసంలో మా పుట్టిల్లు అమ్మేశాం. నాన్న పోయాక అమ్మ ఆ ఊళ్ళో ఒక్కతే ఉండలేక తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళు పాతది పడగొట్టి కొత్తిల్లు కట్టుకుంటామన్నారు. తాళాలు ఇచ్చే రోజున తలా ఒకటీ తెచ్చుకున్నాం. తమ్ముడు నాన్న పడక్కుర్చీ తీసుకున్నాడు. చెల్లి ఆవకాయ జాడీలు పట్టుకెళ్ళింది. నేను నూతి పక్కన ఉన్న దేవగన్నేరు కొమ్మ ఒకటి కోసి తెచ్చుకున్నాను.

అది ఆకు రాలే కాలం. చెట్టు మీద ఒక్క ఆకు లేదు. మోచేయంత కొమ్మను పాత పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దారిపొడుగునా పాలు కారి చీర కుచ్చెళ్ళ మీద మరకలు పడ్డాయి. ఆ మరకలు ఇప్పటికీ పోలేదు.

ఇంటికి రాగానే మా అత్తగారు చూశారు.

"అదేమిటమ్మాయ్?"

"దేవగన్నేరు కొమ్మండీ అత్తయ్యగారూ. కుండీలో పెడదామని."

"పాలు కారే చెట్టు ఇంట్లో పెట్టకూడదు. అదీగాక అది గుళ్ళోనో గోరీల దగ్గరో ఉండే చెట్టు."

"మా ఇంట్లో నలభై ఏళ్ళుందండీ. ఏమీ కాలేదు."

"ఆ ఇల్లు ఇప్పుడేదీ?" అన్నారావిడ.

ఆవిడ కావాలని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. నేను కొమ్మను తీసుకెళ్ళి మేడ మెట్ల కింద పాత బకెట్ల వెనక పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ కోపంలోనే ఈ చెట్టు కథ చదవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆవిడ మీద గెలవాలనే చదివాను. బీఏ తెలుగు చదివినదాన్ని, ముందు పేర్ల దగ్గర పట్టుకున్నాను. గన్నేరు మన పాత కావ్యాల్లో ఉంది, కరవీరం అని. సంపెంగ ఉంది. మల్లె, జాజి, మొల్ల అన్నీ ఉన్నాయి. దేవగన్నేరు మాత్రం ఆ వరసలోది కాదు. గుడి ముందు తాతలనాటి నుంచీ ఉన్నట్టు నిలబడే ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు!

అక్కడ అజ్‌టెక్‌ల భాషలో దీని పేరు కాకలోషోచిత్ల్. షోచిత్ల్ అంటే పువ్వు. ముందున్న కాకలో మన మాలకాకి లాంటి పెద్ద కాకి. అంటే కాకిపువ్వు. మన కాకికీ వాళ్ళ కాకలోకీ భాషాపరంగా చుట్టరికమేమీ లేదు. రెండుచోట్లా కాకి ఒకేలా అరుస్తుంది, అంతే.

1552లో మెక్సికోలో మార్టిన్ దె లా క్రూజ్ అనే స్థానిక వైద్యుడు తమ మూలికల గురించి చెబితే, హువాన్ బదియానో అనే మరో స్థానికుడు దాన్ని లాటిన్‌లో రాశాడు. రంగు బొమ్మలతో ఉన్న ఆ పుస్తకం ఎక్కడెక్కడో తిరిగి రోము చేరింది. 1990లో పోప్ దాన్ని మెక్సికోకి తిరిగి ఇచ్చేశారు. రాజ్యపాలన చేసి అలసిపోయిన అధికారుల ఒళ్ళు తేలికపడటానికి కొన్ని చెట్లూ పూలూ కలిపి చేసే మందు ఒకటి అందులో ఉంది. ఆ పూలలో మన దేవగన్నేరు ఒకటి. ఇంటి పాలన చేసి అలసిపోయిన వాళ్ళకి ఏం రాయాలో మాత్రం ఆ వైద్యుడు చెప్పినట్టు లేదు.

తర్వాత స్పెయిన్ వాళ్ళ ఓడలు వచ్చాయి. 1565 నుంచి 1815 దాకా, అంటే రెండువందల యాభై ఏళ్ళపాటు, మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి ఫిలిప్పీన్స్‌లోని మనీలాకి ఓడలు నడిచాయి. అటు నుంచి వెండి వచ్చేది, ఇటు నుంచి చైనా పట్టుబట్టలు వెళ్ళేవి. మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్ చేరిన మొక్కల్లో ఇదీ ఒకటి. అందుకు సాక్ష్యం పేరులోనే ఉంది. ఫిలిప్పీన్స్‌లో ఈ పువ్వుని ఇప్పటికీ కలచూచి అంటారు. కాకలోషోచిత్ల్ నోళ్ళలో నాని నాని కలచూచి అయింది. పుట్టింటి పేరుని ఇంతో అంతో నిలబెట్టుకున్నది అక్కడే.

మిగతా ఊళ్ళన్నీ తలో పేరు పెట్టుకున్నాయి. మలయాళం వాళ్ళు ఈళచ్చెంపకం అంటారు. ఈళం అంటే లంక, అంటే లంక నుంచి వచ్చిన సంపెంగ. ఇండోనేషియా వాళ్ళు కంబోజా అంటారు, కంబోడియాది అన్నట్టు. గుండ్రటి ఆకులుండి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే తెల్లపూల రకాన్ని నర్సరీల్లో సింగపూర్‌ది అని అమ్ముతారు. దాని సొంతూరు కరీబియన్ దీవులు. బెంగాలీలు కట్టెగులాబి అని అర్థం వచ్చేలా కాఠ్‌గోలాప్ అన్నారు. హిందీ వాళ్ళకి చంపా. కన్నడం వాళ్ళ దేవకణగిలె, మన దేవగన్నేరు ఒకటే మాట.

ఇది చదువుతుంటే నాకు మా వీధిలో ఆడవాళ్ళు గుర్తొచ్చారు. తెనాలమ్మ, బందరు పిన్నిగారు, ఏలూరు అక్కయ్య. బందరు పిన్నిగారు నిజానికి బందరులో పుట్టలేదు. వాళ్ళాయన ఉద్యోగరీత్యా అక్కడ మూడేళ్ళున్నారట, అక్కడి నుంచి ఈ వీధిలోకి వచ్చారు కాబట్టి ఆవిడ బందరు పిన్నిగారైపోయారు. ఆవిడ అసలు ఊరు ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి పక్కింట్లో ఉన్న నేనూ అడగలేదు.

మనవాళ్ళు గన్నేరు అనడంలో మాత్రం తెలివుంది. శాస్త్రం ప్రకారం కూడా ఇది గన్నేరు కుటుంబమే. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనం, ఇది, అన్నీ అక్కచెల్లెళ్ళు. శాస్త్రంలో దీని పేరు ప్లుమేరియా. షార్ల్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి పేరు మీద పెట్టారు. ఆయన 1646లో పుట్టాడు. ఫ్రాన్సు రాజు పంపితే 1689 నుంచి మూడుసార్లు కరీబియన్ దీవులకి వెళ్ళి మొక్కల బొమ్మలు గీసుకొచ్చాడు. మన కుండీల్లో పెంచే బిగోనియాకి ఆ పేరు పెట్టింది ఆయనే. పెరూ ప్రయాణానికి బయల్దేరబోతూ 1704లో స్పెయిన్‌లో చనిపోయాడు. 1753లో లిన్నేయస్ తన పెద్ద పుస్తకంలో ఈ పేరుని ఖాయం చేశాడు.

సంపెంగ మీద తుమ్మెద వాలదని మన కవులు పాడుకున్నారు కదా, ఉత్తరాదిన చంపా అనిపించుకునే ఈ పువ్వుది ఇంకో చిత్రం. ఇందులో తేనె లేదు. చీకటి పడ్డాక వాసన ఎక్కువవుతుంది. ఆ వాసనకి రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కలపురుగులు తేనె ఉందనుకుని వచ్చి, పువ్వు పువ్వుకీ వెతుక్కుని, ఏమీ దొరక్క వెళ్ళిపోతాయి. ఈ తిరుగుడులోనే పుప్పొడి మారి చెట్టు పని జరిగిపోతుంది. అలా కాయ కట్టేది తక్కువే. కట్టినప్పుడు కొమ్ముల్లా జంటగా వస్తాయి.

ఇక అత్తగారు అన్న మాట. అదీ ఆవిడ ఒక్కరి మాట కాదని తెలిసింది. థాయిలాండ్‌లో దీన్ని లన్‌తోమ్ అనేవారు. వాళ్ళ భాషలో దుఃఖం అనే మాటకి అది దగ్గరగా వినిపిస్తుందని ఇళ్ళల్లో పెంచేవారు కాదు. తర్వాత పేరు మార్చి లీలావదీ అన్నారు. మన లీలావతే! పేరు మారాక ఇళ్ళముందు, హోటళ్ళముందు ధైర్యంగా నాటుకుంటున్నారు. ఇండోనేషియాలో చాలాచోట్ల ఇది శ్మశానాల చెట్టు. అదే దేశంలో బాలీలో ఆడవాళ్ళు తలలో పెట్టుకుంటారు, దేవుడికి పెడతారు. లంకలో బుద్ధుడి ముందు పెడతారు. లావోస్‌కీ నికరాగువాకీ ఇది జాతీయ పుష్పం. హవాయి దీవుల్లో అతిథుల మెడలో దండ వేస్తారు. అక్కడ ఆడపిల్ల ఈ పువ్వు కుడి చెవి పక్కన పెట్టుకుంటే ఇంకా ఎవరూ కుదరలేదని, ఎడమ పక్కనైతే కుదిరిందని గుర్తట.

గుళ్ళకీ సమాధులకీ ఈ చెట్టే ఎందుకు దొరికిందంటే నాకు ఒకటి తోచింది. ఇది నీళ్ళడగదు. దుక్క కొమ్మల్లో పాలు దాచుకుని నెలల తరబడి ఎండకి నిలబడుతుంది. రోజూ ఎవరూ వచ్చి చూడలేని చోట, ఎవరూ చూడకపోయినా బతికి, పువ్వు తనంతట తనే రాల్చే చెట్టు కావాలి. అందుకే దీన్ని పెట్టి ఉంటారు.

ఇదంతా పోగేసుకుని ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ అత్తగారికి చెప్పాను. మెక్సికో, ఓడలు, థాయిలాండ్, అన్నీ. గోరీల దగ్గర ఎందుకు పెడతారో కూడా నాకు తోచింది చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు.

"మీ ఆయనకంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టిందమ్మాయ్" అన్నారు. "పదకొండు రోజులుంది. పసిపిల్లల్ని దహనం చెయ్యరుగా. చెరువు గట్టున పెట్టారు. బాలింతనని నన్ను రానివ్వలేదు. దేవగన్నేరు చెట్టు కింద పెట్టామని మా మామగారు వచ్చి చెప్పారు. తర్వాత ఎన్నోసార్లు ఆ గట్టు మీద నడిచాను. మూడు చెట్లున్నాయక్కడ. ఏ చెట్టో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు."

నేను పెళ్ళయి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఈ సంగతి మా ఆయనకీ తెలియదు. గెలుద్దామని చదివిన చదువంతా నా నోట్లోనే ఆగిపోయింది. "వద్దులెండి అత్తయ్యగారూ, పెట్టను" అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆవిడే బకెట్ కోసం మెట్ల కిందకి వెళ్ళి, "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు. కోసి అప్పటికి నెలపైన అయింది. మట్టి లేదు, నీళ్ళు లేవు. ఆ కొమ్మ చివర రెండు ఆకులు చేతులు జోడించినట్టు లేచి ఉన్నాయి.

"దొడ్డివైపు పెట్టు. వాకిట్లో మాత్రం వద్దు" అన్నారు.

పెంచుకోవాలనుకునే వాళ్ళ కోసం నాకు తెలిసింది చెబుతాను. కొమ్మ అడుగు, అడుగున్నర పొడుగుండాలి. కోయగానే నాటకూడదు. పాలు ఆగి, కోసిన చోటు గట్టిపడేదాకా పది పదిహేను రోజులు నీడలో వదిలెయ్యాలి. మట్టిలో సగానికి పైగా ఇసక కలపండి. కుండీ అడుగున కన్నం తప్పనిసరి. నాటిన రోజు ఒకసారి నీళ్ళు పోసి, మళ్ళీ మట్టి బాగా ఆరాకే పొయ్యాలి. ప్రేమకొద్దీ రోజూ పోస్తే మొదలు కుళ్ళిపోతుంది. రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. చలికాలంలో ఆకు రాలితే చచ్చిపోయిందని పీకెయ్యకండి, అప్పుడు నీళ్ళు బాగా తగ్గించండి. ఆకు అడుగున పసుపులాంటి పొడి కనిపిస్తే తెగులు, ఆ ఆకులు తీసి దూరంగా పారేయండి. పాలు కంట్లో పడకుండా చూసుకోండి, ఒంటికి తగిలితే కొందరికి దురద వస్తుంది. వానకాలంలో బొమ్మలా నిలబడి ఆకులే వేస్తోందని మొదటి ఏడు కంగారుపడొద్దు. రెండో వేసవికి పూస్తుంది.

మాదీ ఈ ఉగాది వెళ్ళిన వారానికి పూసింది. తెల్లటి రేకులు, లోపల పసుపు. అమ్మకి ఫోన్లో ఫొటో పంపించాను. వెంటనే ఫోన్ చేసి, "రాత్రి కిటికీ తీసి పడుకో" అంది, అంతే. ఇల్లు గురించి ఇద్దరం మాట్లాడలేదు.

పొద్దున్నే దొడ్డి ఊడ్చేది నేనే. ఈమధ్య ఆ చెట్టు కింద మాత్రం నాకు ఊడ్చే పని ఉండటం లేదు. రాలిన పూలు అప్పటికే ఏరి ఉంటున్నాయి. దేవుడి గదిలో చూశాను, అక్కడ లేవు. ఎక్కడ పెడుతున్నారో నేను అడగలేదు.