ఇంట్లో ఉండి చదివే విద్యార్థుల ఒత్తిడి: కారణాలు, లక్షణాలు, ఉపశమన మార్గాలు

సాయంత్రం ఆరున్నరకు కళాశాల నుంచి ఇంటికి చేరిన విద్యార్థినికి గుమ్మంలోనే పాలప్యాకెట్ తెమ్మన్న మాట వినిపిస్తుంది. ఆ పని అయ్యేసరికి తమ్ముడికి లెక్కలు చెప్పాలి. ఇంతలో చుట్టాలు వస్తారు. భోజనాలు ముగిసి, టీవీ ఆగి, పుస్తకం తెరిచే వేళకు పదిన్నర దాటుతుంది. మర్నాడు ఉదయం ఏడింటికే మళ్లీ బస్సు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇంట్లో ఎవరూ కఠినంగా మాట్లాడలేదు. అయినా సెమిస్టర్ ముగిసేనాటికి ఆ విద్యార్థినికి నిద్ర తగ్గింది, తలనొప్పి పెరిగింది, చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఇది ఊహాత్మక ఉదాహరణే అయినా, ఇటువంటి దినచర్య లక్షలాది కుటుంబాలకు పరిచయమే. కేంద్ర విద్యాశాఖ 2021-22 సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య అభ్యసిస్తున్నవారు సుమారు 4.33 కోట్ల మంది. విద్యార్థుల మానసిక ఒత్తిడిపై చర్చ జరిగినప్పుడు సాధారణంగా హాస్టల్ గదులు, కోచింగ్ కేంద్రాలు ప్రస్తావనకు వస్తాయి. ఇంటి నుంచి రాకపోకలు సాగించే 'డే స్కాలర్ల' విషయంలో మాత్రం "ఇంటి భోజనం, అమ్మానాన్నల నీడ, ఇంకేం కావాలి?" అన్న భావన బలంగా ఉంది. ఆ భావనే వారి ఇబ్బందిని కనిపించకుండా చేస్తోంది.

ఒత్తిడి అంటే ఏమిటి?

ఎదురైన పని తన శక్తికి మించినదని మనసు భావించినప్పుడు శరీరం చూపే ప్రతిస్పందనే ఒత్తిడి. మెదడులోని హైపోథలామస్ నుంచి హెచ్చరిక అందగానే, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, దృష్టి ఒకే విషయంపై నిలుస్తుంది. పరీక్షకు ముందురోజు ఈ స్థితి కొంత మేలు కూడా చేస్తుంది.

పరీక్ష ముగిశాక శరీరం తిరిగి విశ్రాంతి స్థితికి రావాలి. అలా రాకుండా వారాల తరబడి అదే ఉద్విగ్నత కొనసాగితేనే హాని. నిద్ర, జీర్ణశక్తి, జ్ఞాపకశక్తి, రోగనిరోధకశక్తి దెబ్బతింటాయి. కాబట్టి ఒత్తిడిని పూర్తిగా లేకుండా చేయడం కంటే, దాని నుంచి తేరుకునే వ్యవధిని ప్రతిరోజూ కల్పించుకోవడం ముఖ్యం. ఇంట్లో ఉండి చదివే విద్యార్థులకు తరచుగా దొరకనిది ఆ వ్యవధే.

ఇంటి వద్ద ఉండేవారికి ప్రత్యేక కారణాలు ఏమిటి?

మొదటిది రెండు పాత్రల మధ్య నలగడం. కళాశాలలో ఆ యువతి లేదా యువకుడు సొంత అభిప్రాయాలున్న వయోజన విద్యార్థి. ఇంటి గడప దాటి లోపలికి రాగానే మళ్లీ చిన్నపిల్ల, చిన్నపిల్లాడు. ఎక్కడికి వెళ్లావు, ఎవరితో మాట్లాడావు, ఫోన్ ఎందుకు చూస్తున్నావు అన్న ప్రశ్నలు ప్రేమతో వచ్చినవే కావచ్చు. రోజూ వాటికి సంజాయిషీ ఇచ్చుకోవలసి రావడం మాత్రం అలసట కలిగిస్తుంది.

రెండవది ఇంటి పని. హాస్టల్‌లో ఉన్న కుమార్తెకు ఎవరూ ఫోన్ చేసి కూరగాయలు తరగమనరు. ఇంట్లో ఉన్న కుమార్తె చదువుకుంటున్నా, కనిపిస్తుంది కాబట్టి పిలుస్తారు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో నిర్వహించిన కాల వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషుల విషయంలో అది 88 నిమిషాలు. ఇవి ఆరేళ్లు, ఆ పైబడిన వారందరికీ వర్తించే లెక్కలు. విద్యార్థినుల లెక్క విడిగా తీసినవి కాకపోయినా, ఇంటి భారం ఎటు మొగ్గుతోందో చెప్పడానికి ఇవి చాలు. అబ్బాయిలకు మరో తరహా బరువు ఉంటుంది. దుకాణంలో కూర్చోవడం, బ్యాంకు పనులు, ఆసుపత్రికి తోడు వెళ్లడం, త్వరగా సంపాదనలో పడాలన్న ఆశలు వారి భుజాలపై పడతాయి.

మూడవది ప్రయాణం. నగర శివార్ల నుంచి, మండల కేంద్రాల నుంచి రెండేసి బస్సులు మారి వచ్చే విద్యార్థులకు రోజులో రెండు, మూడు గంటలు దారిలోనే గడిచిపోతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అందుబాటులోకి వచ్చింది. దీనివల్ల చార్జీల భారం తగ్గినా, ప్రయాణానికి పట్టే కాలం, నిలబడి వచ్చే అలసట అలాగే ఉన్నాయి.

నాలుగవది ఒంటరితనం. ఇంటినిండా మనుషులున్నా తన వయసు స్నేహితులు లేకపోవడం ఒక రకమైన ఒంటరితనమే. సాయంత్రాలు జరిగే క్లబ్ సమావేశాలు, ఆటలు, కలిసి చదువుకునే బృందాలు బస్సు వేళ కారణంగా చేజారిపోతాయి. నోట్సు, పరీక్షల సమాచారం, ఉద్యోగావకాశాల కబురు కూడా హాస్టల్ వరండాలో తిరిగినంత వేగంగా ఇంటికి చేరవు.

వీటికి తోడు పోలిక. ఫలానావారి అబ్బాయికి క్యాంపస్ సెలక్షన్లలో ఉద్యోగం వచ్చిందన్న మాట హాస్టల్ విద్యార్థికి పండుగ సెలవుల్లో వినిపిస్తే, ఇంట్లో ఉన్నవారికి వారానికి నాలుగుసార్లు వినిపిస్తుంది.

గుర్తించడం ఎలా?

ఒత్తిడి సాధారణంగా "నాకు ఒత్తిడిగా ఉంది" అన్న మాటలతో బయటపడదు. ఆకలి తగ్గడం లేదా అదే పనిగా తినడం, తెల్లవారుజాము దాకా నిద్ర పట్టకపోవడం, తరచుగా తలనొప్పి లేదా కడుపునొప్పి రావడం, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదవడం, తోబుట్టువులపై విసుక్కోవడం, గతంలో ఇష్టపడిన పనులపై ఆసక్తి పోవడం వంటి వాటిని గమనించాలి. కళాశాలకు బయలుదేరి తరగతికి వెళ్లకపోవడం, సబ్జెక్టు తప్పిన విషయాన్ని ఇంట్లో దాచడం కూడా సోమరితనానికే గుర్తులు కానక్కరలేదు. అవి భయానికి గుర్తులు కావచ్చు.

ఇంట్లో ఈ మార్పులు రోజుకు కొంచెం చొప్పున వస్తాయి కాబట్టి, దగ్గరగా ఉన్నవారికే అవి ఆలస్యంగా తెలుస్తాయి. "వాడి స్వభావమే అంత" అని సరిపెట్టుకోవడం సులభం. మార్పు రెండు వారాలకు మించి కొనసాగితే దానిని స్వభావంగా భావించకూడదు.

విద్యార్థులు ఏం చేయవచ్చు?

ముందుగా ఇంట్లో చెప్పవలసింది చెప్పండి. అయితే "నన్ను చదువుకోనివ్వరు" అన్న ఫిర్యాదు వాదనకు దారితీస్తుంది. "రోజూ ఎనిమిది నుంచి పది వరకు నాకు చదువు వేళ, ఆ తర్వాత గిన్నెలు నేను సర్దుతాను" అన్న ప్రతిపాదన ఒప్పందానికి దారితీస్తుంది. సెమిస్టర్ ఆరంభంలోనే తరగతుల పట్టికను, ఇంటర్నల్ పరీక్షల తేదీలను, రికార్డులు సమర్పించవలసిన గడువులను వంటింటి గోడకు ఉన్న క్యాలెండర్‌లో గుర్తించండి. పరీక్ష ఎప్పుడో తెలియని కుటుంబం ఆ వారంలోనే పెళ్లి ప్రయాణం పెట్టుకోవడం వింతేమీ కాదు. డిగ్రీ చదువు తీరు తెలియని తల్లిదండ్రులకు మీ రోజు ఎలా గడుస్తుందో వివరించడం వారిని తక్కువ చేయడం కాదు, వారిని కలుపుకోవడం.

చదువుకు ఒక చోటును కేటాయించుకోండి. ప్రత్యేక గది అందరికీ సాధ్యం కాదు. డాబా మెట్లు, కిటికీ పక్కన బల్ల, తెల్లవారుజామున ఖాళీగా ఉండే హాలు, ఏదైనా సరే రోజూ అదే చోటు, అదే వేళ అయితే ఇంట్లోవారికీ అది అలవాటవుతుంది. ఇల్లు ఇరుకైతే కళాశాల గ్రంథాలయంలో ఒక గంట చదువు ముగించుకుని రావడం మేలు. ప్రభుత్వ గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఎందరో విద్యార్థులకు, ఉద్యోగార్థులకు పగటి ఇల్లు. జిల్లా కేంద్రాల్లోని గ్రంథాలయాలూ ఇటువంటి అవసరాన్ని తీరుస్తున్నాయి.

ప్రయాణ సమయాన్నంతా చదువుతో నింపాలని ప్రయత్నించకండి. కూర్చునే చోటు దొరికితే ఒకవైపు ప్రయాణంలో పాఠాన్ని నెమరువేసుకోవచ్చు. తిరుగు ప్రయాణాన్ని విశ్రాంతికి వదిలేయడం మంచిది. పాటలు వినడం, కిటికీలోంచి చూడటం, కళ్లు మూసుకోవడం వల్ల కళాశాల నుంచి ఇంటికి మనసు కూడా ప్రయాణిస్తుంది.

నిద్రను చివరి ప్రాధాన్యంగా చూడవద్దు. 18 నుంచి 25 ఏళ్లవారికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర అవసరమని నిపుణుల సిఫారసు. పగలు చదివిన విషయాలు జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. ఇంట్లో అందరూ పడుకున్నాకే చదువు మొదలయ్యే పరిస్థితి ఉంటే, అర్ధరాత్రి దాకా మేల్కొని తెల్లవారే లేచే పద్ధతిని నెలల తరబడి కొనసాగించడం ప్రమాదకరం.

శరీరాన్ని కదిలించండి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఒక స్టాపు ముందే దిగి చురుకుగా నడిచినా ఇందులో కొంత భాగం తీరుతుంది. ఆందోళన పెరిగినప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలడం గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

వారంలో ఒక్కరోజైనా స్నేహితుల కోసం ఉంచుకోండి. ఆ రోజు తర్వాతి బస్సుకు వస్తానని ముందే ఇంట్లో చెబితే ఎదురుచూపులు, అనుమానాలు తగ్గుతాయి.

తల్లిదండ్రులు గమనించవలసినవి

కుమారుడో కుమార్తెయో ఇంట్లో ఉన్నంత మాత్రాన ఖాళీగా ఉన్నట్లు కాదు. పని చెప్పే ముందు "ఇప్పుడు వీలవుతుందా?" అన్న ఒక్క ప్రశ్న చాలా బరువును దించుతుంది. ఇంటి పనిని ఆడపిల్లకు, మగపిల్లవాడికి సమానంగా పంచాలి. మార్కుల గురించి అడిగే రోజున అన్నం తిన్నాడా, నిద్రపోయాడా అని కూడా అడగాలి. పిల్లలు మనసు విప్పినప్పుడు వెంటనే ఉపదేశం ప్రారంభిస్తే, వారు రెండోసారి చెప్పరు. తప్పిన సబ్జెక్టు గురించి ఇంట్లో భయం లేకుండా చెప్పగలగడమే ఇంటి నుంచి చదివే విద్యార్థికి దక్కే అతి పెద్ద రక్షణ.

విద్యాసంస్థల బాధ్యత ఏమిటి?

విద్యార్థుల శారీరక, మానసిక సంక్షేమానికి సంబంధించి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, యూజీసీ, 2023లో మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో విద్యార్థి సేవా కేంద్రం ఉండాలని వాటిలో సూచించింది. 2025 జులై 25న సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో తీర్పునిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు నిర్దేశించింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒకరు ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లను అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని, తల్లిదండ్రులకూ అవగాహన కల్పించాలని ఆదేశించింది.

మీ కళాశాలలో కౌన్సెలర్ ఎవరో, ఏ వేళల్లో కలవవచ్చో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. కౌన్సెలింగ్ వేళలు సాయంత్రానికే పరిమితమైతే బస్సు పట్టుకోవలసిన విద్యార్థికి అవి అందవు. మధ్యాహ్న విరామంలోనూ ఆ సేవ కావాలని కోరడం న్యాయమైన విన్నపమే.

నిపుణుల సహాయం ఎప్పుడు, ఎక్కడ?

లక్షణాలు రెండు వారాలు దాటినా, చదువు, ఆహారం, నిద్ర అస్తవ్యస్తమైనా నిపుణులను సంప్రదించాలి. బతకడం వ్యర్థమన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయవద్దు. నమ్మకమైన ఒక మనిషికి ఆ క్షణమే చెప్పాలి, సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది. 14416 లేదా 1800-89-14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రారంభించిన మనోదర్పణ్ కార్యక్రమం హెల్ప్‌లైన్ 8448440632. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట్ల, బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో ప్రభుత్వ చికిత్స లభిస్తుంది.

గోడకు చెవులుండే ఇంట్లో ఫోన్‌లో మాట్లాడటం కష్టమన్నది చాలామంది సంకోచం. కళాశాల ఆవరణలోని చెట్టు కింద నుంచో, పార్కు నుంచో, స్నేహితురాలి ఇంటి నుంచో మాట్లాడవచ్చు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ నిర్వహణలోని లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక ఆరోగ్య సేవలను పొందడం ప్రతి వ్యక్తి హక్కు. చికిత్స వివరాల గోప్యతకూ, చట్టంలోని కొన్ని మినహాయింపులకు లోబడి, ఆ చట్టం రక్షణ కల్పిస్తోంది.

ఇల్లు విద్యార్థికి భారం కానక్కరలేదు. వేళకు అన్నం, జ్వరం వస్తే తలపై చేయి, అద్దె లేని చోటు, ఇవన్నీ నిజమైన బలాలే. ఆ బలం పూర్తిగా అందాలంటే ఇంట్లో ఉన్న ఆ మనిషి ఒక విద్యార్థి కూడా అని ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. ఈ రాత్రి భోజనాల వేళ టీవీ ఆపి, "ఈ నెలలో నీకు పరీక్షలు ఎప్పుడు?" అని అడగడంతోనే ఆ పని మొదలవుతుంది.