బోలు ఎముకల వ్యాధి

బోలు ఎముకల వ్యాధి లేదా ఆస్టియోపోరోసిస్ అనగా ఎముకల సాంద్రత తగ్గి, వాటి లోపలి అల్లిక పలుచబడి, స్వల్పమైన దెబ్బకే విరిగే స్థితికి చేరడం. దీనిని ఎముకలు గుల్లబారడం అని కూడా అంటారు. ఎముక విరిగే వరకు ఈ వ్యాధి లక్షణాలు సాధారణంగా బయటపడవు. వెన్నుపూసలు, తుంటి, మణికట్టు ఎక్కువగా విరుగుతాయి. వెన్నుపూసలు నలిగినప్పుడు మనిషి ఎత్తు తగ్గి వీపు వంగిపోతుంది. వృద్ధులలో తుంటి విరిగితే మంచాన పడడం, మరణం కూడా సంభవించవచ్చు.

వ్యాధి నిర్ధారణ

ఎముక సాంద్రతను డెక్సా అనే ఎక్స్-రే పరీక్షతో కొలిచి, ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోలుస్తారు. ఈ తేడాను టి-స్కోరు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం టి-స్కోరు -2.5 లేదా అంతకంటే తక్కువైతే బోలు ఎముకల వ్యాధిగా, -1కి -2.5కి మధ్య ఉంటే ఆస్టియోపీనియాగా పరిగణిస్తారు.

వ్యాప్తి

ప్రపంచవ్యాప్తంగా 50 ఏళ్ళు దాటిన స్త్రీలలో ప్రతి ముగ్గురిలో ఒకరికి, పురుషులలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఈ వ్యాధి వలన ఎముక విరుగుతుందని అంచనా.

ఇది వృద్ధాప్యానికే పరిమితమైన వ్యాధి కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అల్పాదాయ వర్గాలకు చెందిన 30-60 ఏళ్ళ స్త్రీలు 289 మందిని పరీక్షించి, ఫలితాలను 2005లో ప్రచురించారు. వారిలో సుమారు 29 శాతం మందికి తొడ ఎముక మెడ భాగంలో బోలు ఎముకల వ్యాధి, 52 శాతం మందికి ఆస్టియోపీనియా ఉన్నట్లు తేలింది.

ముప్పును పెంచే అంశాలు

ఎముక నిరంతరం అరుగుతూ, తిరిగి నిర్మితమవుతూ ఉంటుంది. సుమారు 30 ఏళ్ళ వయసుకు గరిష్ఠ స్థాయికి చేరి, ఆ తరువాత క్రమంగా క్షీణిస్తుంది. కాబట్టి బాల్యంలోను, యవ్వనంలోను పోషకాహారం కొరవడినవారికి ముప్పు ఎక్కువ. ఇతర ముఖ్య కారణాలు:

* ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడం. 45 ఏళ్ళలోపే ముట్లుడిగితే ముప్పు అధికం.
* శస్త్రచికిత్సతో అండాశయాలను తొలగించడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసివేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది.
* కాల్షియం, విటమిన్ డి లోపం. ఎండ అధికంగా ఉండే తిరుపతి ప్రాంతంలో జరిగిన అధ్యయనాలలో కూడా విటమిన్ డి లోపం విస్తృతంగా కనిపించింది.
* తక్కువ బరువు, తల్లిదండ్రులలో ఎవరికైనా తుంటి విరిగి ఉండడం.
* ధూమపానం, మద్యపానం, వ్యాయామలోపం.
* స్టీరాయిడ్ మందులను మూడు నెలలకు మించి వాడడం, కీళ్ళవాతం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం.

నివారణ

2020 భారతీయ ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా., ముట్లుడిగిన స్త్రీలకు 1200 మి.గ్రా. కాల్షియం అవసరం. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలలో ఇది లభిస్తుంది. 100 గ్రాముల రాగులలో 340 మి.గ్రా.కు పైగా కాల్షియం ఉంటుంది. నడక, బరువులెత్తే వ్యాయామం ఎముకలను దృఢపరుస్తాయి. వృద్ధులు జారిపడకుండా స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు, ఇంట్లో తగినంత వెలుతురు ఉండాలి. వ్యాధి నిర్ధారణ అయినవారికి వైద్యులు బిస్ఫాస్ఫోనేట్లు మొదలైన మందులను సూచిస్తారు.