ఉక్కు పోగుల సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటు

కాంక్రీటు బరువు మోపితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే మాత్రం పెళుసుగా పగులుతుంది. ఆ లోటు తీర్చడానికి మాలులో సన్నటి ఉక్కు తీగ ముక్కలు, అంటే పోగులు, కలుపుతారు. వైబ్రేటర్ అవసరం లేకుండా తన బరువుతోనే సెంట్రింగ్ మూలలకు పారి సర్దుకునేది సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటు. ఈ రెండూ వేర్వేరుగా పుట్టి ఆలస్యంగా కలిశాయి. పారాల్సిన మాలుకు పోగులు అడ్డుపడతాయి కాబట్టి ఆ కలయిక సులువుగా కుదరలేదు.

మొదటిది పోగుల కథ. మట్టిగోడకు గడ్డి కలిపి తొక్కడం మన పల్లెలకు పాత విద్యే. ఇనుప తుక్కు కలిపిన కృత్రిమ రాయికి 1874లో అమెరికాలో ఎ. బెరార్డ్ పేటెంట్ పొందాడు. దగ్గర దగ్గరగా ఉన్న తీగలు పగులును ఎలా ఆపుతాయో రోముఆల్డీ, బాట్సన్ 1963లో లెక్కగట్టి చూపాకే ఇంజినీర్లు దీన్ని గట్టిగా పట్టించుకున్నారు.

రెండో కథ జపాన్‌ది. నేర్పరులైన కూలీలు తగ్గి, సరిగా కుదించని కాంక్రీటు త్వరగా పాడవుతుండడంతో హజిమె ఒకమురా 1986లో తనంతట తానే సర్దుకునే కాంక్రీటు ఆలోచన ముందుపెట్టారు. 1988లో తొలి నమూనా తయారైంది. 1998లో తెరుచుకున్న అకాషి కైక్యో వంతెన లంగరు దిమ్మెలను ఈ కాంక్రీటుతోనే పోశారు. రెండున్నరేళ్ల పని రెండేళ్లలో ముగిసింది.

పోగులు కలిపితే ఏమవుతుందో స్లంప్ ఫ్లో పరీక్షలో కళ్లకు కడుతుంది. 300 మి.మీ. ఎత్తున్న శంకువు నిండా మాలు పోసి, పైకి లాగుతారు. మంచి మాలు 650 మి.మీ.కు పైగా గుండ్రంగా పరుచుకుంటుంది. పోగులు ఎక్కువైతే అవి నడుమ కుప్పపడి, అంచు చుట్టూ పలచటి సిమెంటు నీరు మిగులుతుంది. ఘనపరిమాణంలో అర శాతం అంటే ఘనమీటరుకు దాదాపు 39 కిలోల ఉక్కు. ఆపై ప్రతి కిలోకూ పారుదలలో మూల్యం చెల్లించాల్సిందే. అందుకే కంకర తగ్గించి, సన్నటి పొడి పెంచి, మాలు పారేలా చేసే సూపర్‌ప్లాస్టిసైజర్ మోతాదు సరిచూస్తారు. కొక్కెం కొనలున్న పోగులను నీటిలో కరిగే జిగురుతో కట్టలుగా అంటించే పద్ధతి కూడా వచ్చింది. మిక్సర్‌లో కట్టలు విడిపోతాయి, ఉండలు కట్టవు.

సన్నటి పొడికి తెలుగు నేలలో కొరత లేదు. అనకాపల్లి జిల్లాలో పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం నుంచి ఫ్లై యాష్ వస్తుంది. విశాఖ ఉక్కు కొలిమి చిట్టెం కూడా సిమెంటుకు తోడయ్యే సరుకే. వరంగల్ ఎన్‌ఐటీ లాంటి చోట్ల ఈ మిశ్రమాలపై పరిశోధనలు జరిగాయి. మిశ్రమ నిష్పత్తుల భారత ప్రమాణం ఐఎస్ 10262, 2019 సవరణలో సెల్ఫ్ కంపాక్టింగ్ కాంక్రీటుకు చోటిచ్చింది.

సొరంగాల లైనింగ్ ముక్కలు, ఫ్యాక్టరీ ఫ్లోర్లు ఈ పోగులకు బాగా నప్పిన పనులు. మామూలు ఇంటి దూలాల్లో చువ్వలు తీసేసి పోగులు వేస్తే చాలుననుకోవడం మాత్రం పొరపాటు. పైగా మాలు పారిన దిశకే పోగులు ఒరుగుతాయి. ఒక మూల నుంచి పోసిన స్లాబు ఒక దిశలో గట్టిగా, అడ్డంగా బలహీనంగా తయారుకావచ్చు. ఎక్కడి నుంచి పోయాలన్నది కూడా డిజైన్‌లో భాగమే.