ఎఱ్ఱకుక్కకు ఏ పేరు?

ఇంటికి కుక్కపిల్ల వచ్చిన నాడు, దానికి పాలగిన్నె వెదకుటకు ముందే పిల్లలు పేరు వెదకుదురు. పిల్ల నల్లనిదైనచో చర్చ త్వరగా ముగియును. ఒళ్లు ఎఱ్ఱగా నున్నచో అంత సులభముగా తేలదు. ఇంటిలో నలుగురున్న నాలుగు పేర్లు పుట్టును. ఇది పిల్లల ముచ్చటగా తోచును గాని, దీని వెనుక నాలుగు వేల యేండ్ల చరిత్ర కలదు. మనుష్యుడు తాను పెంచిన జంతువును ఏ పేరున పిలిచెనో చూచినచో, దానిని ఏమని తలచెనో తెలియును. ఆ చరిత్రను మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతమునుండి మొదలుపెట్టి చూతము.

ఈ మూడూళ్ల నేల మూడు భాషలు కలియు నేల. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె కడప జిల్లానుండియు, పుంగనూరు, కుప్పము ఉత్తర ఆర్కాటు జిల్లానుండియు వచ్చి చేరినవి. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. కుప్పము దాటి కొంత దూరము పోయినచో ఒక ప్రక్క కన్నడసీమ, మఱియొక ప్రక్క తమిళసీమ. ద్రావిడ భాషల కొఱకు ఒక విశ్వవిద్యాలయమును 1997లో కుప్పమున నెలకొల్పుట ఎంతయు తగియున్నది. ఒక్క యెద్దును మూడు భాషలలో బేరమాడు సీమలో ఎఱుపునకు ఒక్క మాట చాలదు.

తెలుగువాడు ఎఱ్ఱకుక్కను చూచి ఎఱ్ఱడు అనును. ఆడుదైనచో ఎఱ్ఱి అనును. కన్నడిగుడు కెంప, కెంచ అనును. తమిళుడు శెవలై అనును. వినుటకు ఇవి వేఱువేఱుగా నున్నను, కన్నడపు కెంపు, తమిళపు శెవప్పు ఒక్క తల్లి బిడ్డలు. కన్నడమున కివి యన్నది తమిళమున శెవి, మనకు చెవి. అదే రీతిని మొదటి కకారము ఒకచోట నిలిచినది, ఒకచోట చకారమైనది. తెలుగు ఈ రెండింటిని దాచుకొన్నది. చెంగలువలోని ‘చెం’ ఒకటి, కెందామరలోని ‘కెం’ మఱియొకటి. కెంపు అను మాట కన్నడమున రంగు. మనకు రంగే గాక నవరత్నములలో నొక రత్నము కూడ. కుప్పమువైపు ఒకడు తన కుక్కను కెంపు అని పిలిచినచో, ఎఱ్ఱనిది యని కన్నడిగుడు తలచును, మాణిక్యమని తెలుగువాడు మురియును. పలుకు ఒక్కటే, మన్నన రెండు విధములు.

పశువుల రంగులకు రైతు వాడు మాటలు ఇంకను సూక్ష్మమైనవి. ఎఱుపు పసుపు కలిసినచో పుల్ల, అట్టిది పుల్లావు. కొంచెము పొగచాయ తగిలినచో కపిల. మెఱపు గల ఎఱుపునకు రాగి యున్నది. రాగి యనగా లోహము. రాయలసీమలో సంగటి వండుకొను ధాన్యమునకును అదే పేరు. పొట్టితనమునకు ప్రసిద్ధి కెక్కిన పుంగనూరు ఆవులలో తెలుపు, బూడిద, గోధుమ, ఎఱుపు అన్ని చాయలును కలవు. మందలో ఒకదానిని గుర్తించి పిలుచుటకు రైతుకు మొదట చేతికందునది రంగే. మందవెంట నడచు కుక్కకును అదే పద్ధతి సాగినది.

రంగునుబట్టి పేరు పెట్టుట ఊహ చాలని పని యని కొందఱందురు. అట్లనుటకు ముందు మన మనుష్యుల పేర్లను చూడవలెను. మహాభారతమును తెనిగించిన కవిత్రయములో మూడవవాడు ఎఱ్ఱన. 1537లో బెంగుళూరు కోటను కట్టించినవాడు కెంపేగౌడ. చిత్తూరు సీమలో ఇంటింట వినబడు చెంగల్రాయుడను పేరున నున్నదియు ఆ ‘చెం’ మాటయే. కవికిని, పాలకునికిని, దేవునికిని తగిన మాట కుక్కకు తక్కువ యెట్లగును?

ఇక పురాతనత్వమందురా? మన వాఙ్మయమున పేరుగల కుక్కలలో మిక్కిలి పాతవి యముని వాకిటి కుక్కలు రెండు, శ్యామము, శబలము. ఒకటి నల్లనిది, రెండవది మచ్చలది. రెండు పేర్లును రంగులే. ఈజిప్టులో క్రీస్తునకు పూర్వము 2100 ప్రాంతమున ఏలిన రెండవ ఇంతెఫ్ అను రాజు తన సమాధి శిలపై తన కుక్కల బొమ్మలను పేర్లతో చెక్కించుకొనెను. ఆ పేర్లు ఈజిప్టు భాషవి కావు, పొరుగుదేశపువి. అందుచేత శిల్పి కొన్నింటి ప్రక్క అర్థమును గూడ చెక్కెను. పెహ్తెస్ అను దానికి ‘నల్లనిది’ యని యర్థము వ్రాసియున్నది. పొరుగు భాష పేరు, దాని ప్రక్క స్వభాషలో అర్థము. కుప్పము సంతలో జరుగునట్టి పనియే నాలుగు వేల యేండ్ల క్రిందట నైలునది యొడ్డున జరిగినది.

మన సీమకు మఱలి వత్తము. మదనపల్లె దగ్గఱి చిప్పిలి వైదుంబ రాజుల ముఖ్యపట్టణము. తొమ్మిదవ, పదవ శతాబ్దములలో వైదుంబులు, బాణులు, నొళంబులు ఈ నేలకై పోరాడిరి. పోరున పడిన వీరులకు ఊరివారు రాళ్లు నాటిరి. పశువుల మందలను దొంగలనుండి కాపాడుచు మడిసిన వారికిని అట్టి రాళ్లు కలవు. మందయే ధనమైన దినములవి. మందను కాచు కుక్కయు ఆ పోరాటములోనిదే. కుక్క పేరు రాతిపై నిలిచిన తావులు మన సీమకు ఇరుప్రక్కల కలవు.

దక్షిణమున, తిరువణ్ణామలై ప్రాంతపు ఎడుత్తనూరున, పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనవర్షమున, అనగా ఏడవ శతాబ్దపు తొలిదినములలో నాటిన రాయి యున్నది. ఎనుముల మందకై పోరి ఒక యువకుడు పడిపోయెను. అతని కుక్క ఇద్దఱు దొంగలను కఱచి, అక్కడనే కావలి యుండెను. దాని పేరు కోవివన్ అని రాయి చెప్పుచున్నది. యజమాని ప్రక్కనే కుక్క రూపమును గూడ చెక్కిరి.

పడమట, మండ్య ప్రాంతపు ఆతకూరున దొరకిన శాసనము క్రీ. శ. 949-50 నాటిది. తక్కోలపు యుద్ధమున చోళ రాజకుమారుడు రాజాదిత్యుడు కూలెను. ఆ పోరున పరాక్రమము చూపిన మణలేరుని మెచ్చి, గంగరాజు బూతుగుడు వరము కోరుకొమ్మనెను. మణలేరుడు భూమి నడుగలేదు, బంగారము నడుగలేదు. రాజుగారి వేటకుక్క కాళిని అడిగెను. పిదప నొకనాడు కాళిని పెద్ద యడవిపందిపై వదలిరి. పందియు కుక్కయు ఒండొంటిని చంపుకొని పడినవి. ఆతకూరి చల్లేశ్వరాలయము ముందర కాళికి రాయి నాటి, భూమి నిచ్చిరి. ఆ రాయి నేడు బెంగుళూరు మ్యూజియమున నున్నది. కాళి యనిన నల్లనిది యనియు, దేవి పేరనియు రెండును స్ఫురించును. తక్కోలమున మడిసిన భటులలో ఎందఱి పేర్లు మనకు తెలియును? కాళి పేరు మాత్రము వేయేండ్లు దాటి నిలిచినది.

పేరు లేనిచో ఏమగునో తెలిపు ఎఱ్ఱకుక్కయు మన అడవులలో నున్నది. తమిళులు దానిని శెన్నాయ్ అందురు, కన్నడిగులు కెన్నాయి అందురు. రెండింటికిని ఎఱ్ఱకుక్క యనియే అర్థము. తెలుగువారు రేచుకుక్క యనిరి, అడవికుక్క యనిరి. రేచుటయనగా ఉసికొల్పుట గనుక, మన పేరు రంగును గాక పనిని చూచిన పేరువలె వినబడును. ఇది మొఱగదు, ఈలవంటి కూతతో తన గుంపును పిలుచుకొని, కలిసి వేటాడును.

పండితులును దీనికి పేరు పెట్టుటలో చాలకాలము తికమకపడిరి. 1811లో పల్లాస్ దానికి పర్వతవాసి యను అర్థము గల పేరు పెట్టెను. 1831లో సైక్స్ అను సైనికాధికారి మన దేశపు జంతువును చూచి దక్కను పేరు తగిలించెను. నేపాలమున నున్న హాడ్జ్‌సన్ 1838లో దానిని వేఱొక జాతిగా విడదీసి, కుక్కకు గ్రీకు మాటయైన క్యువోన్ అను పేరిచ్చెను. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డన్, 1867లో ప్రకటించిన భారతదేశపు క్షీరదముల గ్రంథమున రూటిలన్స్ అను పేరు వాడెను. దానికి ఎఱ్ఱగా వెలుగునది యని యర్థము. లాటిను భాషలోనికి పోయియు పండితుడు తుదకు కుప్పము కాపు చెప్పిన మాటకే వచ్చి చేరెను.

ఇన్ని పేర్లు జాతికి లభించినవి. ఒక్కొక్క జంతువునకు మాత్రము పేరు లేదు. ఆంగ్లేయుల పాలనలో రేచుకుక్కను చెఱుపు చేయు జంతువుల పట్టికలో చేర్చి, చంపినవారికి బహుమతి సొమ్ము ఇచ్చిరి. పట్టికలో దానికి దక్కినది ఒక లెక్క మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప రక్షణ కలిగినది. శేషాచలపు అడవులలో నేటికిని రేచుకుక్కలున్నను, లోకమంతటను ఇది అంతరించు ప్రమాదమున నున్న జాతి. ఒకే రంగు గల రెండు జంతువులలో ఒకటి ఎఱ్ఱడై పెరటిలో బువ్వ తినెను. రెండవది లెక్కలో అంకెయై తుపాకికి గురియయ్యెను.

పట్టణపు వీధికుక్క గతియు ఇట్టిదే. పిచ్చికుక్కల భయమున వీధికుక్కలను చంపించుట చాలకాలము సాగినది. 1832లో బొంబాయి పోలీసులు అట్లు చంపించుచుండగా, కుక్కను పవిత్రముగా చూచు పార్సీలు తిరుగబడిరి. నగరమున అల్లరి చెలరేగినది. పిచ్చికుక్క కాటునకు మందు దక్షిణదేశమునకు సులభముగా అందినది 1907లో కూనూరున పాశ్చరు సంస్థ ఏర్పడిన తరువాతనే. ఆ దినములలో పేరు చెప్పి పిలుచుకొను వారుండుట కుక్క ప్రాణమునకు కొంత కాపుదల.

ఆంగ్లేయుల వెంట వారి కుక్కల పేర్లును వచ్చినవి. మదనపల్లె చెంత ఏనుగు మల్లమ్మ కొండ కడప కలెక్టరు హార్స్లీ పేర హార్స్లీ కొండ యైనట్లే, మన ఎఱ్ఱడు టామీ యయ్యెను. టామీ యనునది ఆంగ్ల సిపాయికి ముద్దుపేరని పిలుచువారికి తెలియదు. గ్రామఫోను కొమ్ముముందు చెవియొగ్గి కూర్చున్న కుక్క బొమ్మను ఎఱుగనివారరుదు. 1884లో బ్రిస్టలున పుట్టిన ఆ కుక్క పేరు నిప్పరు. వచ్చినవారి పిక్కలను చిన్నగా కొఱుకుటచేత ఆ పేరు వచ్చినది. పరాయి పేరైనను అది దాని గుణమునుండి పుట్టినది. మన టామీకి అట్టి కారణము కూడ లేదు.

రంగుపేరు ఎంత ప్రేమను మోయగలదో చూపుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1957లో అంతరిక్షమున కేగిన లైకాను అందఱెఱుగుదురు. లిసిచ్కాను ఎఱిగినవారు తక్కువ. అది ఎఱ్ఱని చిన్న ఆడుకుక్క. పేరునకు చిట్టినక్క యని యర్థము. నక్క యనగా వారి దేశపు ఎఱ్ఱనక్క. సోవియట్ రాకెట్ల నిర్మాత కొరొల్యోవ్‌కు అది మిక్కిలి యిష్టమైనది. 1960 జూలై 28న బార్స్ అను తోడుకుక్కతో దానిని రాకెట్టులో నెక్కించిరి. ఎగిరిన కొద్దిసేపటికే రాకెట్టు పేలినది, రెండును మరణించినవి. అదే సంవత్సరము ఆగస్టు 19న ఎగిరిన బెల్కా, స్ట్రెల్కా క్షేమముగా తిరిగి వచ్చినవి. లోకము ఆ రెండింటి పేర్లను పాడినది. పనిముట్టుగా తీసికొన్న ప్రాణికి ముద్దుపేరు పెట్టినవారు, దానిని పోగొట్టుకొన్న నాడు పనిముట్టు పోయినదని సరిపెట్టుకొనలేరు.

పేరు ఎట్లుండవలెనో పెద్దలు చెప్పియే యున్నారు. గ్రీకు రచయిత జెనొఫొన్ వేటపై వ్రాసిన గ్రంథమున కుక్కలకు పొట్టిపేర్లు పెట్టుడని, పిలుచుటకు అది సులువని చెప్పి, నలుబదికి పైగా పేర్లను ఇచ్చెను. ఒకటవ శతాబ్దపు రోమను వ్యవసాయవేత్త కొలుమెల్లా, పేరు మరీ పొడవుగా నుండరాదు, రెండక్షరములకు తగ్గరాదు అనెను. ఎఱ్ఱడు, కెంపు, రాగి, పుల్లడు, ఇవన్నియు ఆ కొలతకు సరిపోవును. ఇంటిలోని వారి పేరును పోలకుండుట, అందఱు ఒక్క తీరుననే పిలుచుట, తిట్టునకు ఆ పేరు వాడకుండుట, ఈ మూడును పాటించిన చాలును.

ఇంకొక్క మాట. కుక్క కంటికి ఎఱుపు ఎఱుపుగా తోచదు. 1989లో అమెరికా పరిశోధకులు జరిపిన పరీక్షలలో, కుక్క పసుపును నీలమును గుర్తించునే గాని ఎఱుపును పచ్చనుండి వేఱుచేయలేదని తేలినది. కావున ఎఱ్ఱడనునపుడు మనము చెప్పుచున్నది మన కంటికి కనబడిన రంగు. దానికి తెలిసినది మన గొంతు. మన మేమర్థముతో పెట్టినను, ఆ శబ్దము వినబడిన వెంటనే అన్నము, ఇల్లు, తనవారు ఉన్నారని అది నమ్మును. మూడు భాషలలో ఏ మాట నెంచుకొన్నను తప్పులేదు. పేరు పెట్టి పిలిచిన దానిని ముసలితనమున వీధిపాలు చేయుట మాత్రము తప్పు. కోవివన్ యజమాని శవమును విడువలేదు. ఎఱ్ఱడను పేరు పెట్టినవారు ఎఱ్ఱని విడువకుండుట ధర్మము.